ఎర్రసముద్రానికి కాలవ నీళ్ళు

మా తమ్ముడు కంకిపాడులో పెళ్ళిళ్ళకు ఫొటోలూ వీడియోలూ తీస్తాడు. ఒక వేసవిలో ముహూర్తాలు లేక ఖాళీగా కూర్చుని, బైబిలు సినిమా తీస్తానన్నాడు. మోషే కర్ర ఎత్తగానే ఎర్రసముద్రం చీలి ఇశ్రాయేలీయులు దాటిపోతారు, తరుముకొచ్చిన ఐగుప్తు రాజు ఫరో మునిగిపోతాడు, ఆ కథ. సముద్రం ఎక్కణ్ణుంచి తెస్తావురా అంటే మా పెరటి వెనకున్న కాలవ చూపించాడు.

వేసవిలో మా వైపు కాలవలు కట్టేస్తారు. అడుగంతా ఎండి నెర్రెలు పడుతుంది. మళ్ళీ నారుమళ్ళ వేళకు నీళ్ళు వదులుతారు.

"ఎండిన కాలవలో మనవాళ్ళు దాటేస్తారక్కా. నీళ్ళొదిలిన రోజు ఫరో సైన్యాన్ని ముంచేస్తాం. గ్రాఫిక్సే అక్కర్లేదు."

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చెప్పింది. నా వాచకం బైబిలే. అందుకని సినిమాకు మాటలు రాసే పని నాకు పడింది. జాకెట్లు కుడతాను కాబట్టి ఐగుప్తు సైన్యానికి బట్టలూ నా వంతే. పాత కర్టెన్లతో పదకొండు అంగీలు కుట్టాను. డాళ్ళంటే వంట డేగిసాల మూతలు. వాటిలో ఒకదాని మీద వంటమేస్త్రి ఫోను నంబరు ఎర్ర రంగుతో రాసి ఉంది. దాన్ని లోపలికి తిప్పి పట్టుకోమన్నాడు తమ్ముడు.

మోషే మా మామగారు. గడ్డం ఉన్నది ఆయనకే. ముప్పై ఏళ్ళు సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చింది. దేవుని దయ, కాలూ చెయ్యీ తిరిగొచ్చాయి గానీ మాట తడబడిపోయింది. అప్పట్నుంచి చర్చిలో వెనక బెంచీకి మారిపోయారు. వాక్యం చదవమంటే, కళ్ళజోడు తేలేదని సైగ చేసేవారు. కళ్ళజోడు జేబులోనే ఉండేది. ఆయన మళ్ళీ నలుగురిలో నోరు విప్పాలని నేను ప్రార్థన చెయ్యని రోజు లేదు. అందుకే మోషేకు ఒకే ఒక్క చిన్న మాట రాశాను: "నడవండి. దారి పడింది."

"ఒద్దమ్మా. నవ్వుతారు," అన్నారాయన, ఒక్కో మాటా కూడదీసుకుని.

"మోషే గారికీ నోరు తిరిగేది కాదు కదండీ మావయ్యగారూ?"

"ఆయన తరపున మాట్లాడ్డానికి... అన్న ఉన్నాడు."

"మీకూ ఉన్నాడండీ," అన్నాడు మా తమ్ముడు. "బెజవాడ నుంచి డబ్బింగాయన వస్తాడు. మీరు ఊరికే పెదాలు కదపండి, చాలు."

వాడు మంచికే అన్నాడు. మామగారు నేను రాసిచ్చిన కాగితం మడిచి, నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

కాలవ దాటడం బాగానే జరిగింది. మా సంఘస్థులు నలభై మంది మూటలు నెత్తిన పెట్టుకుని నెర్రెల మీద నడిచారు. మామగారు కర్ర ఎత్తి, పెదాలు కదిపారు.

ఫరో వేషం పక్కింటి లెక్కల మాస్టారిది. వాళ్ళు హిందువులు. మామగారికి ఆయన ప్రాణ స్నేహితుడు.

"మీ దేవుడు నన్ను ముంచుతుంటే గట్టు మీద నిలబడి చూస్తారన్నమాట! ఇన్నాళ్ళూ మీ ఇంట్లో తాగిన కాఫీకి ఇదా ఫలితం?" అని రోజూ ఏడిపించేవారు. మామగారు నవ్వి ఊరుకునేవారు.

నీళ్ళు పొద్దున్న ఆరింటికల్లా వచ్చేస్తాయన్నాడు కాలవ చూసే లస్కరు. ఐదున్నరకే ఫరో సైన్యం కాలవలో దిగి నిలబడింది. మేమంతా ఆ గట్టు మీద పుట్టి పెరిగినవాళ్ళమే. కొత్త నీళ్ళు ఎలా వస్తాయో ఏటా చూస్తున్నవాళ్ళమే. కానీ నెల రోజులపాటు ఎర్రసముద్రం, ఎర్రసముద్రం అని అనుకుని అనుకుని ఆ సంగతే మర్చిపోయాం.

ఎనిమిదింటికి ఫరో ఇడ్లీ అడిగాడు. పదింటికి ఎవరో "వస్తన్నాయ్!" అని కేక పెట్టారు. తమ్ముడు డ్రోను లేపాడు. సైన్యం చేతులెత్తి హాహాకారాలు చేసింది. అప్పుడు మలుపు తిరిగి వచ్చింది సముద్రం. నాలుగు వేళ్ళ లోతు. ముందు నురగ, ఎండాకులు, కొబ్బరి బోండాలు, ఎవరిదో ఒంటి చెప్పు. కోడి నడిచినంత వేగం.

"అరవండి! భయపడండి!" అన్నాడు తమ్ముడు.

"ఏం చూసి భయపడమంటావురా?" అన్నారు ఫరో. నీళ్ళు ఆయన పాదాలు తడిపి ముందుకు పోయాయి. "హాయిగా ఉన్నాయి."

ఈలోగా ఊళ్ళో ఆడవాళ్ళు పళ్ళేలతో వచ్చి కొత్త నీళ్ళకు పసుపూ కుంకుమా పూలూ వేశారు. సైన్యంలో సగం మంది వాళ్ళ మగవాళ్ళే. డాళ్ళు గట్టున పెట్టి, నీళ్ళు నెత్తిన చల్లుకుని దణ్ణం పెట్టారు. అంతా డ్రోనులో పడింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే, ఈ ఏడూ నీళ్ళిచ్చినందుకు నేనూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

మధ్యాహ్నానికి సైనికులు నారుమళ్ళ పని ఉందని వెళ్ళిపోయారు. ఫరో ఒక్కడే మిగిలాడు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు మాస్టారు. నీళ్ళు మోకాలు దాటి, నడుము దాటాయి. ఆయన అంగీకి రాజు కదా అని నేను రెండు మడతల కర్టెను వేసి కుట్టాను. అది తడిసి బరువెక్కింది, అంచు అడుగున ఏ మోడుకో పట్టుకుంది. ఆయన పడ్డారు, లేచారు, మళ్ళీ పడ్డారు.

"సూపర్ మాస్టారూ! ఇంకొంచెం!" అని అరుస్తున్నాడు తమ్ముడు.

అది నటన కాదని నాకు తెలిసింది. అప్పుడే మా పక్కనుంచి, అవతలి గట్టుకు వినపడేంత కేక వినిపించింది.

"మాస్టారూ! కర్ర... కర్ర పట్టుకోండి!"

మోషే గట్టు మీంచి జారి, నడుం లోతు నీళ్ళలో నిలబడి కర్ర అందించాడు. ఫరోను లాగి ఒడ్డున పడేశాడు. తమ్ముడూ నేనూ గట్టు దిగేసరికి ఇద్దరూ దగ్గుతూ కూర్చున్నారు.

"ముంచాల్సింది పోయి లాగుతారేవిటండీ? సినిమా పాడైపోలా?" అన్నారు మాస్టారు.

"నోరు... ముయ్యండి," అన్నారు మామగారు.

తమ్ముడి దగ్గర వేరే ముగింపు లేదు, మోషే ఫరోను లాగేదే ఉంచాడు. ఆ కేకకు డబ్బింగాయన్ని పిలిపించమంటారా అని మామగారిని అడిగాడు. "నా గొంతే ఉండనీ," అన్నారాయన. మొదట్లో వచ్చే 'నడవండి' కూడా మీరే చెప్పండని బతిమాలితే, "ఒకటి చాల్లే," అన్నారు. అలా మా సినిమాలో మోషే ఇశ్రాయేలీయులతో ఒక్క మాటా మాట్లాడడు. మాట్లాడేది ఫరోతోనే. అదీ మాస్టారూ అని పిలుస్తాడు.

చర్చి హాల్లో వేశారు. నీళ్ళు వచ్చినప్పుడు జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. కేక వినపడగానే నవ్వు ఆగిపోయింది. లైట్లు వెయ్యగానే పాస్టరు గారు లేచి, "చివర్లోది వాక్యంలో లేదు. పిల్లలు గమనించాలి," అన్నారు.

వెనక బెంచీలోంచి మా మామగారు లేచారు.

"తెలుసండీ," అన్నారు. "ముప్పై ఏళ్ళు... నేనే చెప్పాను, ఆ కథ. మా మాస్టారు... మునిగిపోతున్నారండీ. ఏం చెయ్యమంటారు?"

ఎవరూ నవ్వలేదు. పాస్టరు గారు ఆయన దగ్గరికి నడిచొచ్చి, "వచ్చే ఆదివారం వాక్యం మీరే చదవాలండీ," అన్నారు.

మామగారు అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపుతూ, కళ్ళజోడు లేదని చెప్పడానికి జేబు తడుముకున్నారు. సినిమా చూడ్డానికి పెట్టుకున్న కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.