ఇక్కడే బయలుదేరే బండి

డిసెంబరు 27, శనివారం. సాయంత్రం ఐదు గంటలు. టాటానగర్ ఊళ్ళో, గోల్‌మురిలో మా ఇల్లు. హాజరు: నేను, నా భార్య, మనవరాలు, నా భార్య తమ్ముడు. గైర్హాజరు: కొడుకు, కోడలు. ఇద్దరూ డ్యూటీలో ఉన్నారు.

ఇలా రాయడం ఉద్యోగం నేర్పిన అలవాటు. కార్ఖానా టైమాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను. ఎవరు ఎన్నింటికి గేటు దాటారో రాయడమే నా పని. రిటైరయ్యాక రాయడానికి మనుషులు లేక వాతావరణం రాస్తున్నాను.

ఆ సాయంత్రం కూర్చున్నది ప్రయాణ ప్రార్థనకి. మా క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా దూరం వెళ్తుంటే ముందురోజు అందరం కలిసి ప్రార్థన చేసుకుంటాం. మర్నాడు ఉదయం ఎనిమిదికి నేనూ మనవరాలూ పట్నా బండి ఎక్కాలి. సోమవారం పదింటికి అక్కడ ఒక ఆసుపత్రిలో ఆమె సర్టిఫికెట్లు చూస్తారు. నర్సు ఉద్యోగానికి రెండుసార్లు పరీక్ష రాసి తప్పింది, మూడోసారి నెగ్గింది. ఆ రోజు రానివారికి మరో తేదీ ఇవ్వబోమని కాగితం మీద అచ్చువేసి ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసింది నేనే. గీసినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

భయమంతా పొగమంచు గురించి. డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరిదాకా ఉత్తరం నుంచి వచ్చే బండి ఏది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే చలికాలంలో మా ఇంటి ప్రయాణాలన్నీ నేనే నిర్ణయిస్తాను. ప్రతి ఉదయం ఆరున్నరకి డాబా ఎక్కి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకు వైపు చూస్తాను. మొత్తం కనిపిస్తే డైరీలో ఖాళీ సున్నా. సగమే కనిపిస్తే సున్నాలో చుక్క. అసలు కనిపించకపోతే నల్లగా నింపిన సున్నా. ఇరవై రెండు చలికాలాల సున్నాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని చూసి రెండు నియమాలు పెట్టుకున్నాను. నల్ల సున్నాలు వరసగా పడే వారంలో కదలకూడదు. కదలక తప్పకపోతే, ఎక్కడినుంచో వచ్చే బండి కాకుండా టాటానగర్‌లోనే బయలుదేరే బండి ఎక్కాలి. మంచులో చిక్కుకుని రావలసిన అవసరం దానికి లేదు కదా అని నా లెక్క.

ఆ వారమంతా ట్యాంకు కాళ్ళతో సహా కనిపించింది. అయినా ఆ సాయంత్రం సర్టిఫికెట్ల ఫైలు ముడి నాలుగుసార్లు విప్పాను. మనవరాలితో నేను తెలుగులో ఏమన్నా జవాబు హిందీలోనే వస్తుంది. "ఫిర్ సే, తాతా?" అని, మళ్ళీనా అన్నట్టు నవ్వి ఫైలు లాక్కుంది.

అప్పుడు వచ్చాడు బావమరిది. రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. స్టేషన్ దగ్గరే ఉంటాడు. కోతిటోపీ తియ్యకుండానే మొదలుపెట్టాడు.

"ఏటి బావా, ఈ ఏడు మంచు డ్యూటీకి సరిగ్గా వత్తందా, నాగాలు పెడతందా?"

నేను డైరీ తెరిచి ఆ వారం సున్నాలు చూపించాను. ఏ బండి, ఎందుకు ఆ బండి, అన్నీ చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకున్నాను. అతను టీ గ్లాసు కింద పెట్టాడు.

"బండి ఇక్కడే బయల్దేరతాది. బాగుంది. మరి దాని పెట్టెలెక్కడినుంచి వత్తాయి బావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అతను చేత్తో బల్ల మీద గీత గీస్తూ చెప్పాడు. రేపు ఉదయం మేం ఎక్కే పెట్టెలు ఈ రాత్రి పట్నా వైపు నుంచి రావాలి. వచ్చాక కడగాలి, నీళ్ళు నింపాలి, చక్రాలు చూడాలి. దానికే ఐదారు గంటలు పడుతుంది. ఆ తరువాతే అది ఇక్కడ బయలుదేరే బండి అవుతుంది.

మనవరాలు ఫోనులో వెతికింది. ఆ వచ్చే బండి ఉదయం కదలాల్సింది, మధ్యాహ్నం మూడు దాటాక కదిలింది. ఇంకా గయ కూడా చేరలేదు. గోల్‌మురిలో ట్యాంకు తళతళలాడుతున్న ఆ వారమే గంగ ఒడ్డున పక్కవాడి ముఖం కనిపించడం లేదట. రేపు మన బండి మధ్యాహ్నానికైనా కదిలితే గొప్ప అన్నాడతను. చీకటి పడ్డాక మళ్ళీ అదే మంచులోకి వెళ్ళాలి.

"సోమారం పదింటికి సేరతారో, పన్నెండింటికి సేరతారో, నాను సెప్పలేను" అన్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

నేను డైరీ మూసి బ్యాగులో పెట్టేశాను. మా కార్ఖానాకి భుయ్యాడీహ్ నుంచి సైకిల్ మీద వచ్చే ఒక ఫిట్టరు వానాకాలంలో రోజూ ఆలస్యమయ్యేవాడు. నేను గేటు దగ్గర నిమిషాలు రాశానే గానీ, అతని దారిలో ఏముందో ఒక్కరోజు అడగలేదు. ఇరవై రెండేళ్ళుగా బండ్లను కూడా అలాగే రాశానని ఆ నిమిషంలో తెలిసింది. మూడేళ్ళ కష్టాన్ని ఆ పిల్ల నా సున్నాలకు అప్పగించి నిశ్చింతగా ఉంది.

దారి కూడా అతనే చెప్పాడు. ఈ రాత్రి ఏడున్నరకి దక్షిణం నుంచి ఒక బండి వస్తుంది, టాటానగర్ మీదుగా పట్నా వెళ్తుంది. కోస్తా మీదుగా వస్తుంది గనక ఇక్కడిదాకా దానికి మంచు తగలదు. ఆ తరువాత ఆగినా, ఆదివారం అంతా మన చేతిలో ఉంటుంది. అయితే రిజర్వేషన్ దొరకదు, జనరల్ బోగీ. ఎక్కడినుంచో వచ్చే బండి అని నేను ఎప్పుడూ కొట్టేసే బండే అది.

"తో అభీ నికల్తే హై నా" అంటూ మనవరాలు అప్పటికే చెప్పులు వెతుకుతోంది. నేను స్వెట్టరు అందుకోబోయాను.

"ఆ మోకాళ్ళతో జనరల్ బోగీ ఏటి? మీరుండండి. తమ్ముడెల్తాడు" అంది నా భార్య. తమ్ముణ్ణి అడగనైనా అడగలేదు.

అతను తన హవాయి చెప్పులవైపు చూసుకున్నాడు. "అక్క ఆర్డరేసీసింది. నీ బేగు ఇలా ఇచ్చీ బావా. నీ లుంగీ నాకూ సరిపోద్ది."

మా ప్రార్థన ఎప్పుడూ ఇరవై నిమిషాలకు తగ్గదు. ఆ రోజు వాకిట్లో, క్రిస్మస్ నక్షత్రం కింద నిలబడి రెండు నిమిషాల్లో ముగించాం. ఆటో మలుపు తిరిగేదాకా నేను ఫైలు, ఫైలు అని అరుస్తూనే ఉన్నాను. మనవరాలు దాన్ని ఆటో బయటికి చాపి చూపించింది.

ఎనిమిదింటికి ఫోను వచ్చింది. బండి టైముకే వచ్చిందట, పిల్లకి కూర్చునే చోటు దొరికిందట. డైరీ రాద్దామని బల్ల దగ్గర కూర్చున్నాక గుర్తొచ్చింది, అది నా బ్యాగులో వెళ్ళిపోయిందని. డిసెంబరు క్యాలెండరు కాగితం వెనకవైపు ఇంతవరకూ రాశాను.

మర్నాడు ఆరున్నరకి డాబా ఎక్కాను. ట్యాంకు మెట్లతో సహా కనిపించింది. దాన్ని చూసి నాకు ధైర్యం రాలేదు. మేం ఎక్కాల్సిన బండి మధ్యాహ్నం రెండున్నరకి బయలుదేరుతుందని ఫోనుకి సందేశం వచ్చింది. అటువైపు నుంచి కబురు లేదు. ఏడుకి చేశాను, ఎనిమిదికి చేశాను, కలవలేదు. నా భార్య ఇడ్లీలు పెట్టింది, ఇద్దరం తినలేదు.

తొమ్మిది నలభైకి మోగింది. "తాతా, దిగిపోయాం. స్టేషన్ పేరు కూడా కనబడ్లేదు, అంత మంచు" అంది మనవరాలు, తెలుగులో. ఫైలు ఉందా అని అడిగాను. ఉందంది. ఆ తరువాత ఫోను బావమరిది తీసుకున్నాడు.

"బావా, ఈ పొద్దు నీ డైరీ నానే రాసీసాను. హాజరు ఇద్దరు. బండి నాలుగ్గంటలు లేటు. సున్నా మటుకు మొత్తం నల్లగా నింపీసాను, పెన్నులో సిరా అయిపోనాది."

నేను ఇడ్లీ పళ్ళెం దగ్గరికి లాక్కున్నాను.