బాడీల కాశమ్మ

నారాయణఖేడ్‌లో కాశమ్మకు రెండు పేర్లున్నాయి. మగవాళ్ళకు ఆమె జాకెట్ల కాశమ్మ. ఆడవాళ్ళకు బాడీల కాశమ్మ. ఆ రెండో పేరు మగవాళ్ళ చెవిన పడకుండా ముప్పై అయిదేళ్ళు కాపాడుకొచ్చారు ఊరి ఆడవాళ్ళు. ఎవరింట్లో ఏ కూర వండారో పొద్దెక్కేసరికి ఊరంతా తెలిసిపోయే చోట ఇంత రహస్యం ఇన్నాళ్ళు నిలిచిందంటే మామూలు సంగతి కాదు.

బస్టాండు వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆమె భర్త నాగయ్య ప్యాంట్లు, చొక్కాలు కుట్టేవాడు. వెనక గది కాశమ్మది. పైకి జాకెట్ల పనే కానీ ఆ గదికి అన్నం పెట్టింది బాడీలు. ఇప్పటి పిల్లలు ఆ మాట వింటే నవ్వుతారు. బ్రా అనే మాట ఖేడ్ దాకా రాకముందు, వచ్చినా ఎవరూ నోరు విప్పి అనకముందు, రవిక లోపల వేసుకునే తెల్లటి నూలుబట్టను బాడీ అనేవారు. దానికి రబ్బరు ఉండదు, ఇనుప హుక్కులు ఉండవు. ముందు నాలుగు గుండీలు, భుజాల మీద రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు, వీపున ఒక నాడా. అంతే.

పని నేర్పింది అత్త సిద్దమ్మ. ఆమెది నాగల్‌గిద్ద వైపు ఊరు. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. జీవితమంతా ముందు ముడి వేసుకునే కుప్పసమే తొడిగింది కానీ, కోడళ్ళ కాలానికి బాడీలు వచ్చాయని తెలిసి, బీదర్ నుంచి ఒకటి తెప్పించి, కుట్లన్నీ విప్పి చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకున్న మనిషి. టేపు ముట్టేది కాదు. నూలుదారం చుట్టి, కొలత దగ్గర ముడి వేసేది. అంకె నోటితో పలకాల్సిన పని లేదు, కాగితం మీద రాయాల్సిన పని లేదు. వచ్చిన పిల్ల సిగ్గుపడాల్సిన పని అంతకన్నా లేదు. కాశమ్మ అదే పద్ధతి పట్టింది. వెనక గది గోడకు మేకులు, మేకులకు ముడులు వేసిన దారాలు. ఏ దారం ఎవరిదో కాశమ్మకు తప్ప దేవుడికి కూడా తెలియదు.

ఆ రోజులంటే కాశమ్మకు ఇప్పటికీ ప్రాణం. మధ్యాహ్నం అన్నాలయ్యాక దొడ్డిదారిన వచ్చేవాళ్ళు. తల్లి కొంగు వెనక దాక్కుని ఒక పిల్ల, చంటిబిడ్డను చంకనేసుకుని ఒక బాలింత, సంతకొచ్చి ఇటు తిరిగిన బోరంచ ఊరి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు. ఒకరు గుండీలు కుట్టేవాళ్ళు, ఒకరు కాజాలు చేసేవాళ్ళు, మిగతావాళ్ళు అత్తల్ని తిట్టేవాళ్ళు. ముందు గదిలోంచి నాగయ్య దగ్గితే అందరూ ఒక్కసారి నోరు మూసుకునేవాళ్ళు. నిమిషం ఆగి మళ్ళీ నవ్వులు. ఎక్కడికి పోయాయి ఆ మధ్యాహ్నాలు? రెడీమేడ్ దుకాణాలు వచ్చాయి, రంగురంగుల అట్టపెట్టెలు వచ్చాయి, వెనక గది ఖాళీ అయింది. నాగయ్య పోయి ఆరేళ్ళు. ఇప్పుడు నలుగురైదుగురు ముసలమ్మలు తప్ప బాడీ కుట్టమని అడిగేవాళ్ళు లేరు.

అలాంటిది, మొన్న వానాకాలం చివర్లో రజిత వచ్చింది.

రజిత నారాయణఖేడ్ డిపోలో కండక్టరు. పన్నెండేళ్ళ సర్వీసు. ఎక్కువగా నాగల్‌గిద్ద బస్సు మీద ఉంటుంది. ఆడవాళ్ళకు ఉచితంగా జీరో టికెట్ వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. ఆ సందులోంచే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఎనిమిది గంటలు తిరగాలి. భుజాన డబ్బుల సంచి, మెడలో టికెట్ల మిషన్, లోపల చెమట. రెండేళ్ళ నుంచి రొమ్ముల కింద, పట్టీలు ఆనేచోట ఎర్రటి దద్దుర్లు, మంట, దురద. సంగారెడ్డిలో చర్మం డాక్టరమ్మకు చూపించుకుంది. మలాము రాసిచ్చి, నీ చర్మం సున్నితం, మెత్తటి నూలుబట్ట వేసుకో, రబ్బరు వద్దు, బిగుతు వద్దు, పొడిగా ఉంచుకో అందట.

చెప్పడం తేలికే. దొరకాలి కదా. ఖేడ్‌లో దుకాణానికి పోతే, కౌంటరు వెనక మీసాలాయన నలుగురిలో గట్టిగా సైజెంత అని అడిగాడు. పేరుకు కాటన్ అంటాడు, తిప్పి చూస్తే కింద రెండు వేళ్ళ రబ్బరు. ఇంకొకదానికి అంచంతా గరుకు లేసు. హైదరాబాద్ పోయి కోఠీ అంతా తిరిగింది. ఫోన్లో తెప్పించుకుంది. బొమ్మలో పట్టులా ఉన్నది చేతికొచ్చేసరికి గోనెసంచి. ఒకదానికి తీగె, ఒకదానికి వీపున గుచ్చుకునే చీటీ. ఇంటినిండా అట్టపెట్టెలు పోగుపడ్డాయి కానీ ఒంటికి సుఖం లేదు. చివరికి వాళ్ళమ్మ గుర్తు చేసింది, బాడీల కాశమ్మ ఇంకా బతికే ఉందా చూడవే అని.

ఇదంతా చెప్పుకుని రజిత తల దించుకుంది.

"ఇగ నాతోని కాదు పెద్దమ్మా. నెలాఖరుకు రాజీనామ కాగితం ఇస్త. బస్సుల అందరి ముంగట గోక్కోలేను, గోక్కోకుంట ఉండలేను."

బంగారం లాంటి ఉద్యోగం. పోగొట్టుకుంటే మళ్ళీ రాదు. కాశమ్మ గుండె చివుక్కుమంది. దాంతోపాటు, దాచడమెందుకు, కాస్త సంతోషం కూడా వేసింది. ఎన్నేళ్ళకు ఒక పడుచుపిల్ల ఆ గదిలోకి వచ్చింది!

"నా చేతి బాడీ ఇంతవరకు వాపస్ రాలె బిడ్డా. నెలాఖరు దాంక ఆగు," అంది.

దారం తీసి కొలిచింది. పల్చటి నూలు మల్లుగుడ్డ కొత్తది తెచ్చి, గంజి పోయేదాకా మూడుసార్లు ఉతికి, రెండు బాడీలు కుట్టింది. పాత పేపర్లో చుట్టి, అందరికీ చెప్పే జాగ్రత్తలే చెప్పి పంపింది. వారం తిరక్కుండా రజిత మళ్ళీ వచ్చింది. నాలుగు రోజులు హాయిగా ఉందట, అయిదోరోజు నుంచి మళ్ళీ అదే మంట.

కాశమ్మకు తల కొట్టేసినట్టయింది. కుట్లు ఒంటికి గీసుకుంటున్నాయేమో అనుకుంది. ఈసారి కుట్లన్నీ పైకి వచ్చేలా, లోపలి వైపు నున్నగా ఉండేలా కత్తిరించాలి. గుడ్డ ఇంకా మెత్తగా ఉండాలి. అంత మెత్తటి గుడ్డ ఎక్కడ దొరుకుతుంది? ఆలోచించి ఆలోచించి పెట్టె తెరిచింది. నాగయ్య దోతి ఒకటి దాచుకుంది. పదిహేనేళ్ళు కట్టిన దోతి, ఎన్ని ఉతుకులు ఉతికిందో లెక్కలేదు, చెంపకు ఆనిస్తే పసిపిల్ల బుగ్గలా ఉంటుంది. కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎట్లాగూ ఆయన ప్యాంట్లు కుట్టే బతికాడు, ఆయన గుడ్డతో ఒక ఆడపిల్ల ఉద్యోగం నిలబడితే కాదంటాడా అనుకుని కత్తెర పెట్టింది. మూడు బాడీలు వచ్చాయి.

ఆ మూడూ పనికిరాలేదు. రజిత మళ్ళీ వచ్చి జాకెట్ పక్కకు జరిపి చూపించింది. ఎర్రగా, పచ్చిగా ఉంది.

అప్పుడు కాశమ్మ అనకూడని మాట అనేసింది. ఆడలేనమ్మ మద్దెల ఓడందన్నట్టు, నీ ఒంటి గుణమే గంత బిడ్డా, నా చేతుల ఏం లేదు అంది. రజిత కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సోమవారం కాగితం ఇచ్చేస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మూడు రోజులు కాశమ్మకు ముద్ద దిగలేదు. ముప్పై అయిదేళ్ళ పేరు పోయిందన్న బాధ ఒకవైపు, పిల్లను ఏడిపించి పంపానన్న బాధ ఇంకోవైపు. ఆదివారం పొద్దున ఉండబట్టలేక, ఇంకోసారి కొలత చూద్దామన్న వంకతో, దారపుండ కొంగున కట్టుకుని రజిత ఇంటికి బయల్దేరింది.

రజితది కిరాయి ఇల్లు. ఒకే వాకిలి, మూడు కాపురాలు. ఇంటి ఓనరు సంగమేశ్వర్ రిటైరైన పెద్దమనిషి, పగలంతా వాకిట్లోనే కుర్చీ వేసుకుని పేపరు చదువుతాడు. వాకిలి పొడవునా దండెం. దాని మీద రజిత చీర ఒకటి వెడల్పుగా పరిచి ఉంది. కాశమ్మ అలవాటుగా చీర అంచు పట్టి చూసింది. ఎండి ఫెళఫెళలాడుతోంది. మరి ఎందుకు తీయలేదని మడత ఎత్తబోతే, అడుగున చేతికి చల్లగా ఏదో తగిలింది. నాగయ్య దోతి బాడీ. చెమ్మగా, ముక్కిన వాసన వేస్తూ, గుండీల దగ్గర సన్నటి నల్లచుక్కలతో.

ఎప్పుడు ఆరేశావని అడిగింది. నిన్న పొద్దున అంది రజిత. రోజూ ఇంతేనా అంటే ఇంతేనంది. ఒక్కోసారి పచ్చిదే తొడుక్కుని డ్యూటీకి పోతుందట. బస్సులో పులిలా గదమాయించే మనిషి, ఆ వాకిట్లో పిల్లిలా గొంతు తగ్గించి చెప్పింది. ఎండలో ఎందుకు వేయలేదే అని కాశమ్మ కసురుకుంది.

రజిత వింతగా చూసింది. "నువ్వే చెప్పినవ్ గద పెద్దమ్మా. చీరె కింద ఆరేసుకో బిడ్డా, మొగోళ్ళ కండ్లల్ల పడొద్దు అని. మా అమ్మకు గూడ నువ్వే చెప్పినవట."

కాశమ్మ అక్కడే గడప మీద కూలబడింది. నిజమే. చెప్పింది. పేపర్లో చుట్టి చేతిలో పెట్టేటప్పుడు ప్రతి ఒక్కరికీ చెప్పింది. ముప్పై అయిదేళ్ళు, ఎంతమందికో. చెబుతున్నానని కూడా తెలియకుండా చెప్పింది.

తనకెవరు చెప్పారు? సిద్దమ్మ చెప్పలేదు. సిద్దమ్మ కుప్పసాలు ఇంటి ముందు కందికట్టెల దడి మీద, దారిన పోయే బండ్లవాళ్ళందరికీ కనబడేలా ఎండేవి. కోడలి కోసం కుట్టిన మొదటి తెల్లబాడీని కూడా ఆమె అదే దడి మీద పరిచింది. కొత్త కోడలు కాశమ్మే సిగ్గుతో చచ్చిపోయి, పరుగున పోయి లాక్కొచ్చి, ఇంట్లో చీర కింద దాచింది. అత్త పడీపడీ నవ్వింది. "గుడ్డకు సిగ్గేంది పిల్లా? సిగ్గుపడితె మనిషి పడాలె. గుడ్డకు ఎండ పడాలె," అంది. ఆ ముసల్ది ఎనభై ఏళ్ళు బతికింది, ఒంటి మీద ఒక పొక్కు ఎరగదు. కాశమ్మ మాత్రం, మొరటు మనిషి, పాతకాలం మనిషి అని ముఖం తిప్పుకుంది. ఆ పడుచుతనపు సిగ్గునే తర్వాత పెద్దరికంగా ఊరందరికీ పంచింది. దద్దుర్లొచ్చాయని ఏ పిల్లయినా మళ్ళీ వస్తే కొబ్బరినూనె రాసుకోమంది.

గడప మీంచి లేచింది. బకెట్లో సోడా వేసిన వేడినీళ్ళు పోయించింది. అయిదు బాడీలనూ తానే నలిపి ఉతికింది. నడి వాకిట్లో, దండెం మీద, చీర తీసేసి, ఒక్కొక్కటి బార్లా పరిచింది. రజిత, వద్దు పెద్దమ్మా, ఇంటి ఓనరు ఉన్నడు అంటూ చెయ్యి పట్టుకుంది. కాశమ్మ ఆ చేతిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

"తప్పు నాది బిడ్డా. నీ ఒంటిది కాదు, గుడ్డది కాదు. నా నోటిది."

సంగమేశ్వర్ పేపరు మీంచి ఒకసారి చూశాడు. పేపరు కాస్త పైకెత్తుకుని, కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. కాశమ్మ పీట తెప్పించుకుని, వడియాలకు కాపలా కూర్చున్నట్టు, దండెం కిందే కూర్చుంది. అవి గలగలా ఎండేదాకా కదల్లేదు. సోమవారం కాగితం ఇంకో పదిహేను రోజులు ఆపమని మాట తీసుకుని మరీ ఇంటికొచ్చింది.

డాక్టరమ్మ మలాము, నూలుబట్ట, ఎండ, మూడూ కలిసి పని చేశాయి. పదోరోజుకు మంట తగ్గింది, ఇరవయ్యోరోజుకు చర్మం మామూలయింది. రజిత కాగితం ఇవ్వలేదు. నాగల్‌గిద్ద బస్సు మీద ట్రిప్పుకు నలుగురికి చెప్పి, కాశమ్మ వెనక గదికి పంపిస్తోంది. కాశమ్మ బాడీలను ఇప్పుడు పేపర్లో చుట్టడం లేదు. మడతపెట్టి చేతికిచ్చి, ఎండలో ఆరెయ్యకపోతే నా దగ్గరికి రావద్దని కసిరి పంపుతోంది.

ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. కాశమ్మకు కూడా రొమ్ముల కింద నల్లటి మచ్చ, దురద, నలభై ఏళ్ళుగా. దాన్ని ఆమె రోగమని ఎన్నడూ అనుకోలేదు. మెట్టెల వేలికి కాయ కాచినట్టు ఆడపుట్టుకకు ఇదీ ఒకటి ఉంటుందనుకుంది. రజిత ఇంటి నుంచి వచ్చిన ఆ సాయంత్రమే తన బాడీలు నాలుగూ చీర కింది నుంచి లాగి ఉతికింది. తెల్లారి వాకిట్లో దండెం మీద వేసింది. అరవై రెండేళ్ళ వయసులో, మొదటిసారి.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం మిషన్ మీద కూర్చుని పట్టీ కుడుతుంటే, పొద్దుటి నుంచి గోక్కోవడానికి తన చెయ్యి ఒక్కసారైనా కొంగు కిందికి పోలేదని తట్టింది. మిషన్ ఆపింది. నలభై ఏళ్ళు. గదిలో ఎవరూ లేరు.

"అత్తమ్మా," అంది పైకే, "నీ దగ్గర కత్తిరించుడొక్కటే నేర్చుకున్ననే."

కళ్ళు తుడుచుకోవడానికి చేతికందిన మల్లుగుడ్డ ముక్క తీసుకుంది.