రెండో మెమరీ

తాను చనిపోయిన రోజు పొద్దున కూడా జయరాజు, తమ్ముడు ప్రతాప్ నడిపే కంప్యూటర్ రిపేరు అంగడికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. చెమటకు వీపునంటిన చొక్కా, వేళ్ల మీద సోల్డరింగ్ కాలిన మచ్చలు. రెండు ప్రాసెసర్ల పాతకాలపు కంప్యూటర్ బోర్డును దాని తాహతుకు మించి పరిగెత్తించాలని అతని పిచ్చి. దానికి సరిపడే మెమరీ పలకలు జతగా కావాలి. ఒకటే తన దగ్గరుందని, రెండోది ప్రతాప్ దగ్గరే దొరుకుతుందని అనేవాడు.

"ఏమిరా, ఇస్తావా, ఊరగాయ పెట్టుకుంటావా?"

"బోర్డు కాల్చేదానికి నాదే కావల్నా నీకు? పో ఈడనుంచి!"

నాయన పోయినప్పటి గొడవ తర్వాత ఆ ఇద్దరి మధ్య మిగిలిన మాటలు ఇవే. జయరాజు గుమ్మం పక్కన ఉమ్మేసి వెళ్లేవాడు. మర్నాడు మళ్లీ వచ్చేవాడు.

అన్నను సమాధి చేసిన మర్నాడు ప్రతాప్ తన దగ్గరున్న ఆ మెమరీని జేబులో వేసుకుని అతని గదికి వెళ్లి, కంప్యూటర్ మూత విప్పాడు. జేబులోని దానిలాంటిదే ఇంకొకటి, రెండో మెమరీ, అప్పటికే బోర్డులో ఉంది. మొదటిదాని మీద ఎంత మందాన ఎర్రదుమ్ము పేరుకుందో, దాని మీదా అంతే.