నాలుగింటి ప్రకటన

సాయంత్రం నాలుగింటికి క్వారీలో రాయి పేల్చారు. స్టూడియో కిటికీ అద్దం గలగలమంది, టీ గ్లాసులో చిన్న అల లేచింది. గడియారం చూశాను. మేం రేడియోలో చెప్పిన వేళకే. అలా చూసినప్పుడల్లా మరియమ్మ టీచర్ గారు గుర్తొస్తారు.

బడి నుంచి రిటైరయ్యాక జగ్గయ్యపేటలోని మా చిన్న రేడియో స్టేషన్ బాధ్యత ఆవిడ తీసుకున్నారు. నేను నందిగామ నుంచి బస్సులో వచ్చేదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే బెదురు కనుక కంప్యూటర్ దగ్గర పని నాకు హాయిగా ఉండేది. ఏ పాట తర్వాత ఏ పాట, ఏ ప్రకటన ఎప్పుడు అన్నది ముందురోజే ప్లేలిస్టుగా పెడితే, మర్నాడు కంప్యూటరే వరసగా వేసుకుపోతుంది. ఈరోజు లిస్టును కాపీ చేసి, రేపటి తేదీ వేసి, మార్చాల్సినవి మార్చాలి. వాడేసిన లిస్టు ‘పాతవి’ అనే ఫోల్డర్‌లో వారం ఉంటుంది, తర్వాత తీసేస్తాం. అంతా అయ్యాక టీచర్ గారు కళ్లు మూసుకుని రేపటి ప్రకటనలన్నీ ఒక్కొక్కటే వినేవారు. "పైన తేదీ చూసి నమ్మకమ్మాయ్. పిల్లలు అట్ట మార్చి పాత నోట్సే తెచ్చి చూపించేవాళ్లు నాకు," అని నవ్వేవారు.

ఒక సాయంత్రం ఆవిడ తొందరగా వెళ్లారు. నా సంచీలో సగం చదివిన నవల ఉంది. తేదీ మార్చాను, పాటలు మార్చాను. ఏదీ వినకుండానే బస్సెక్కి పుస్తకం తెరిచాను.

మర్నాడు పదింటికి రేడియో చెప్పింది: "ఈరోజు పదకొండింటికి క్వారీలో రాయి పేలుస్తారు, పశువుల్ని అటు తోలకండి." అది నిన్నటిది. ఆరోజు పేల్చేది నాలుగింటికి. క్వారీ సైరన్ వినపడని అవతలి గట్టున మేకలు కాసేవాళ్లకు మా మాటే ఆధారం. పదకొండు దాటాక పేల్చేశారనుకుని ధీమాగా క్వారీ పక్కకు వెళ్తారు.

టీచర్ గారు టీ గ్లాసు కింద పెట్టారు. "రా, మైకు దగ్గర కూర్చో."

"మీరు చెప్పండి టీచర్ గారూ. నాకు నోరు పెగలదండి."

"నా గొంతు రోజూ వినేదే, పట్టించుకోరు. కొత్త గొంతైతే ఎవరా అని ఆగుతారు. ఊఁ, కానియ్."

చెప్పాను. "ఇందాకటిది నిన్నటి ప్రకటన. పొరపాటు నాది. రాయి పేల్చేది నాలుగింటికి." గొంతు వణికింది. ప్రతి రెండు పాటలకూ మళ్లీ చెప్పించారు. మధ్యాహ్నానికి వణుకు కాస్త తగ్గింది గానీ, భయం తగ్గలేదు.

మూడున్నరకు ఫోన్ మోగింది. "ముక్త్యాల వైపు మేకలు కాసే ఏసోబునండి. ఎవరండీ ఆ వణికే పిల్ల? అందరం ఎప్పుడో తోలుకొచ్చేశాం. ఇంక ఆపమనండి, నా మేకలక్కూడా కంఠతా వచ్చేసింది!"

టీచర్ గారు ఫోన్ నా చేతిలో పెట్టారు. "నువ్వే చెప్పు, ఆపేస్తానని."

నాలుగింటికి అద్దం గలగలమంది. ఆవిడ నన్ను ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే అది ఆ రోజుతో పోయేదేమో. సాయంత్రం రేపటి లిస్టు తయారయ్యాక పక్కన కుర్చీ లాక్కుని, "ఇవాళ నువ్వు విను, నేను కూర్చుంటా," అన్నారు.

ఆవిడ పోయి ఏడాదైంది. ఆనాటి తప్పు లిస్టును వారం దాటినా నేను తీసెయ్యలేదు. ‘పాతవి’లో అదొక్కటే అలా ఉండిపోయింది. ఇప్పుడు రేపటి ప్రకటనలు వింటున్నాను. సంచీలో నవల ఉంది. ఆఖరిది విన్నాకే తీస్తాను.