ఉత్తుత్తి దెబ్బలు

కామెడీ సినిమాల్లో రెజ్లింగ్ చూసేవాడంటే ఒక్కటే రకం, బుర్ర తక్కువవాడు. టీవీ ముందు ఊగిపోతాడు, ఇంట్లోవాళ్ల మీదికి దూకి నడుం విరగ్గొట్టుకుంటాడు. చిన్నప్పటి నుంచీ రెజ్లింగ్ చూస్తున్న నాకు ఆ సీను వస్తే ఒళ్లు మండుతుంది. రింగులో పడేవన్నీ ముందే అనుకున్న దెబ్బలని చూసే మాకు తెలుసు. ఎదుటివాడు చావకుండా కొట్టడమే అక్కడి పనితనం.

బోధన్ దగ్గర మా ఊళ్లో హోలీ సాయంత్రం మగవాళ్లు తాడుకు అటూ ఇటూ నిలబడి, పళ్లు కదిలేదాకా పిడికిళ్లతో గుద్దుకుంటారు. తర్వాత గాయాలకు కాముణ్ణి కాల్చిన బూడిద అద్దుకుని కావలించుకుంటారు. ఈసారి మా నాన్నకు, మా బాపుకు, పైపెదవి చిట్లి కుట్లు పడ్డాయి.

మర్నాడు బాపుతో నిజామాబాద్‌లో అలాంటి కామెడీ సినిమాకే వెళ్లాను. తెరమీద రెజ్లింగ్ పిచ్చోడు కుర్చీ ఎత్తి తన నెత్తికే బాదుకున్నాడు. హాలంతా ఘొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా బాపు నవ్వాడు.

"ఉత్తుత్తి దెబ్బలకు గింత పిచ్చేంది బిడ్డా," అన్నాడు.

ఆ నవ్వుకు కుట్లు తెగి, గడ్డం మీదుగా నెత్తురు చొక్కా మీదికి కారింది. దస్తీ ఇచ్చాను.

"ఏం గాదు తియ్," అని మళ్లీ తెర వైపు తిరిగి నవ్వాడు.

ఆ హాల్లో నిజంగా నెత్తురోడుతున్నది ఆయనొక్కడే. పిచ్చి మాత్రం మాదట.