నాపబండ మీద వేసిన కొండదారి

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పుకుంటాను. మోటారు సైకిలు వెనక కూర్చునేటప్పుడు నా భార్య కాళ్లు పెట్టుకోవడానికి బిగించిన ఇనుప పలకను నా చేతులతో విప్పినాను. దాన్ని బడి వెనక కట్టెల కుప్పలో దాచి, బోల్టులను కంచెలోని నాగజెముడు పొదల్లోకి విసిరేసినాను. ఇంటికి వచ్చి, పలక దారిలో ఎక్కడో ఊడి పడిపోయిందని ఆమెతో చెప్పినాను.

అప్పుడు మేము మైదుకూరులో మిషన్ బడి పక్కన ఉండేవాళ్లం. చుట్టుపక్కల పల్లెల్లోని చిన్న బడులను చూసి రావడం నా ఉద్యోగం. నాకు ముందు ఆ పని చూసిన దొర తన దేశానికి వెళ్లిపోతూ పాత మోటారు సైకిలు వదిలిపెట్టినాడు. అది నా చేతికి వచ్చింది. ఊళ్లో అందరూ దాన్ని పటపట బండి అనేవాళ్లు, నన్ను అయ్యవారు అనేవాళ్లు.

నా భార్యది కోసిగి వైపు. రాతి గుట్టలు తప్ప చెట్లున్న కొండ ఎరగదు. మా పెరట్లో నిలబడితే తూర్పున నల్లమల కనిపిస్తుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ కొండల వైపు తిరిగే గిన్నెలు తోమేది. "దూరానికి నీలంగా ఉండాయి గదా, దగ్గరికి పోతే ఏ రంగులో ఉంటాయో," అని ఒకసారి అడిగింది. వేసవి సెలవుల్లో బండి మీద పోయి చూద్దామని నేనే అన్నాను. ఆ మాటకు ఆమె ముఖం ఎట్లా మారిందో ఇప్పటికీ మరిచిపోలేదు.

మా ఇంటి నేల నాపబండలు. నేను బడి నుంచి సుద్దముక్క తెచ్చి, వసారాలో నల్లటి బండ మీద దారి గీసినాను. మైదుకూరు నుంచి ఆళ్లగడ్డ, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల. అక్కడి నుంచి ఘాటు రోడ్డు ఎక్కి అడవిలో పడి గిద్దలూరు దిగాలి. పోరుమామిళ్ల మీదుగా ఇల్లు చేరాలి. నంద్యాల దాకా నా గీత బాగానే సాగింది. ఆ తర్వాత ఏముందో నాకు తెలియదు.

"బావను అడుగుదాం," అంది ఆమె.

ఆ బావ ఆమె మేనమామ కొడుకు. కడప నుంచి మైదుకూరు, నంద్యాల మీదుగా ఘాటు దాటి గిద్దలూరు పోయే బస్సు నడిపేవాడు. మా వైపు ఆడపిల్ల మీద మొదటి హక్కు మేనబావదే. ఆమెను అతనికే ఇస్తారని చిన్నప్పటి నుంచి అందరూ అనుకున్నారు. పెళ్లి మాటలు వచ్చేనాటికి అతనికి ఉద్యోగం లేదు, నాకు ఉంది. మామగారు నాకిచ్చినారు. బయటి సంబంధం చేసినప్పుడు మేనబావకు కొత్త పంచె పెట్టి ఒప్పించడం ఆనవాయితీ. పెళ్లినాడు మిషన్ గుడికి బయలుదేరేటప్పుడు అతను వాకిలికి అడ్డంగా నిలబడి, నేనిచ్చిన పంచె భుజాన వేసుకుని, "ఒక్క పంచెకు మరదల్ని పోగొట్టుకుంటి గదప్పా," అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆ మాట మాత్రం నాలో ముల్లులాగా విరిగి ఉండిపోయింది.

మైదుకూరులో బస్సు ఆగినప్పుడు అతను మా ఇంటికి వచ్చి, బండ మీద చతికిలబడి, ఘాటు మలుపులు గీసినాడు.

"ఈడ బండి ఉడుకుతుంది మరదలా. నువ్వు దిగాల. అయ్యవారు ఎక్కి తోలుతాడు, నువ్వు వెనక నుంచి తొయ్యి."

"తొయ్యడానికయితే నేనెందుకు? ఎద్దును తోలుకుపొమ్మను."

"ఎద్దుకు కొండ చూడాలని ఆశ ల్యాదు గదమ్మే."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాతో మాట్లాడేటప్పుడు ఆమె అట్లా నవ్వినట్టు నాకు గుర్తు లేదు. మర్నాటి నుంచి ఆమె కసువు ఊడుస్తూ ఆ గీతల చుట్టూ చీపురు తిప్పేది. నేను ఒకసారి కాళ్లు కడుక్కుని వచ్చి, చూడనట్టు ఒక మలుపు మీద తడి అడుగు వేసినాను. ఆమె సుద్దముక్కతో దాన్ని సరిచేసింది. సరిచేసిన తీరు చూస్తే ఆ మలుపు ఆమెకు కంఠతా వచ్చినట్టుంది.

ఇక పలక సంగతి. చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చునే మనిషికి ఆ బండి మీద కాళ్లు ఆనించే చోటు లేదు. ఊళ్లో అయితే వేలాడేసుకుని కూర్చోవచ్చు గాని, కొండ ఎక్కడానికి కుదరదు. పలక ఒకటి చేయించమని ఆమె నన్ను రెండు మార్లు అడిగింది. చూద్దాం అన్నాను. ఒకసారి నేను మోటారు పోని దూరపు పల్లెకు ఎద్దుల బండి మీద పోయి రెండు రోజులకు వచ్చేసరికి మా బండికి పలక బిగించి ఉంది. లాంతరు తగిలించే మేకు మీద ముడులు వేసిన నీలం దారం ఒకటి వేలాడుతోంది.

"ఇదేంది?"

"నా పాదం కొలత. బావ తీసుకున్నాడు. కమ్మరాయనకు చూపియ్యాల గదా. పలక బిగించింది గూడా బావే."

"బాగుంది," అన్నాను.

పడుకున్నానే గాని, కళ్ల ముందు ఆ దారమే. అతను నేల మీద కూర్చుని కొలిచినాడా, వంగి కొలిచినాడా? మడమ దగ్గర దారం పట్టుకున్నది ఎవరి వేళ్లు? మర్నాడు పొద్దున బండి మీద పల్లెకు పోయినాను. రాళ్ల దారిలో బండి అంతా గలగలలాడింది. ఆ పలక మాత్రం కదలలేదు. అంత గట్టిగా బిగించినాడు. నాకు మండింది అక్కడే. తిరిగి వస్తూ బడి వెనక ఆగినాను. ఆ తర్వాత చేసింది మొదటే చెప్పినాను.

నా అబద్ధం ఆమె నమ్మింది. "యాడ పడిందో తెలుసునా?" అని అడిగింది.

"వంక దాటినాక చూసుకోలేదు."

మిట్టమధ్యాహ్నం. ఆమె కొంగు తల మీద కప్పుకుని బయలుదేరింది.

"ఈ ఎండలో యాడికి పోతాండావు?"

"ఇనుము గదా, దొరికినోళ్లు పారెయ్యరు. ఎవరన్నా తీసుకుపోకముందే చూసి వస్తా."

వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. నోరు తెరిస్తే చాలు, ఆమె గడప దాటేది కాదు. ఆమె వాకిలి దాటుతుండగానే నేను వసారాలో ఆ గీతల పక్కన పడుకుని, మా నీళ్ల కుండ వైపు చూస్తూ ఉండిపోయినాను. పొద్దు వాలినాక ఆమె వచ్చింది. ముఖం కందిపోయి ఉంది. మోకాళ్ల దాకా దుమ్ము. ఎండిన వంకలో నీళ్లకు చెలమ తవ్వుకుంటున్న ఆడవాళ్లు కూడా తనతో పాటు వెతికినారని, బండ్లవాళ్లను అందరినీ అడిగినానని చెప్పింది. రెండు చెంబుల నీళ్లు తాగింది. మూడో చెంబు తెచ్చి నాపబండ మీద పోసి, పాతగుడ్డతో దారిని తుడవడం మొదలుపెట్టింది.

"ఎందుకు తుడుస్తాండావు?"

"పలక ల్యాకుండా నేను కొండ ఎక్కలేను. ఇంకోటి చేపియ్యమని బావను అడగను. అది బిగించిన నాడు నీ ముఖం చూసినా గదా."

గిద్దలూరు పోయింది. ఘాటు మలుపులు తెల్లటి నీళ్లయి బండల సందుల్లోకి జారినాయి. ఆమె చెయ్యి నంద్యాల దగ్గరికి వచ్చింది.

"కట్టెల కుప్పలో ఉండాది," అన్నాను.

"ఏమి?"

"పలక. నేనే విప్పి పెట్టినా."

ఆమె చేతిలో గుడ్డ నంద్యాల మీద ఆగింది. నేను ఆ నీలం దారం సంగతి చెప్పినాను. పెళ్లినాటి పంచె మాట కూడా చెప్పినాను. అన్నీ విని, "అవి తర్వాత," అంది. "ఎండలో నేను పొయ్యేటప్పుడు నువ్వు పండుకోని చూస్తాంటివి."

గుడ్డ పిండి పక్కన పెట్టి మళ్లీ ఆమే అంది: "నిన్ను రెండు మార్లు అడిగినా. బావను ఒక్క మారు అడిగినా."

నేను అసూయపడింది అతని మీదనని అనుకుంటూ వచ్చినాను. నేను చేయవలసిన పని నాకంటే ముందు, నాకంటే గట్టిగా ఇంకొకడు చేసినాడు. నన్ను కాల్చింది అది. అతను బద్ధకస్తుడయి ఉంటే అతన్ని నేనెంతో మెచ్చుకునేవాణ్ణి.

తెల్లవారి నాగజెముడు పొదల్లో బోల్టుల కోసం వెతికినాను. చేతుల నిండా ముళ్లు దిగినాయి గాని, అన్నీ దొరకలేదు. తక్కువైనవాటిని కమ్మరాయన దగ్గర కూర్చుని చేయించినాను. బస్సు వచ్చే వేళకు రోడ్డు మీదికి పోయి, బావకు జరిగింది జరిగినట్టు చెప్పినాను. అతను బస్సు అద్దం తుడుస్తూ విన్నాడు.

"పంచె వాపసు ఇయ్యమంటావా ఏమప్పా? ఇదో, మసిగుడ్డ చేసుకుంటి," అని చేతిలోని గుడ్డ చూపించినాడు. తర్వాత, "వంక దాకా నడిచిందా?" అని అడిగినాడు. అవునన్నాను. ఆ పైన అతను నవ్వలేదు. ఇంజను మూత తెరిచి లోపలికి వంగినాడు. నేను అక్కడే నిలబడి, ఆదివారం ఆరాధన అయినాక మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. అతను మూత దించి, బస్సు ఎక్కి తోలుకుపోయినాడు.

ఆదివారానికి ముందే పలక బిగించినాను. ఆమెను బండి మీద కూర్చోమని, కాళ్లు పెట్టుకుని చూడమన్నాను. మడమ కొంచెం బయటికి వస్తోంది. కింద కూర్చుని నా వేళ్లతో కొలిచి, పలకను వెనక్కి జరిపి మళ్లీ బిగించినాను. "ఇప్పుడు?" అన్నాను. "సరిపోయింది," అంది. దిగి లోపలికి పోయింది.

బావ వచ్చినాడు. అతనికి నేనే సంగటి ముద్ద పెట్టి, పులుసు పోసినాను. తిన్నాక, కడిగిన నాపబండ మీద మైదుకూరు నుంచి నంద్యాల దాకా మళ్లీ గీసి, సుద్దముక్క అతని చేతిలో పెట్టినాను. అతను మరదలి వైపు చూసినాడు. ఆమె తల ఊపింది.

"ఈడ బండి ఉడుకుతుంది," అంటూ మొదలుపెట్టినాడు. "ఈడ అయ్యవారు దిగాల. తొయ్యాల్సింది ఆయనే."

ఆమె నవ్వింది, అదే నవ్వు. నాకు నీలం దారం గుర్తుకొచ్చింది. అయినా అక్కడి నుంచి లేవలేదు. ఆ మలుపు పక్కనే కూర్చుని, దిగవలసిన చోటు ఏదో సరిగ్గా చూపించమని అడిగినాను.