నకూరు గేటు ముందు కొట్టిన కొబ్బరికాయ

ఆఫ్రికా వెళ్లి సింహాలను చూడాలన్న కోరిక నాది కాదు, మా ఆయనది. మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు లోడు తోలే లారీలు రెండున్నాయి మాకు. అందులో ఒకటి ఇప్పటికీ మా ఆయన యాదయ్యే నడుపుతాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని టీవీ పెట్టాడంటే ఇక అడవి జంతువులే. నేనేమో సింగపూర్ అన్నాను. "సింగపూర్ల అద్దాల బిల్డింగులు తప్ప ఏమున్నయే? సింహాన్ని ఒక్కసారి కండ్లార చూడాలె" అని మొండికేశాడు. పెళ్లయి ఇరవై ఐదేళ్లయింది కదా, ఆయన మాటే నెగ్గనీ అనుకున్నాను. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివరికి నా పరువు తీసింది అదే.

వెళ్లాలనుకునేవాళ్లు ముందు రెండు పనులు చూసుకోవాలి. మేం వెళ్లింది కెన్యాకు, ఆ ప్రయాణానికి అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి, ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే తిప్పలు. ఇద్దరికీ రానూపోనూ టికెట్లు లక్ష దాటాయి. కోదాడ, సూర్యాపేట మీదుగా శంషాబాద్ చేరడానికి నాలుగు గంటలనుకుంటే, చౌటుప్పల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఐదయింది. గల్ఫ్‌లో విమానం మారి, మర్నాడు మధ్యాహ్నం కెన్యా రాజధాని నైరోబిలో దిగాం. విమానం కదులుతుండగా యాదయ్య నా చెవిలో కాదు, అందరికీ వినబడేలా అడిగాడు: "గీ విమానానికి నిమ్మకాయలు తొక్కించిన్రంటవా?" వెనక సీటువాళ్లు నవ్వారు. "జర మెల్లగ మాట్లాడు, ఇజ్జత్ తీయకు" అని గిల్లాను. అప్పటి నుంచే ఈయన పక్కన ఉండటం నాకు నామోషీగా ఉంది.

సఫారీ అనగానే అందరూ మసాయి మారా అంటారు. మాకు రోజులు తక్కువ కాబట్టి నైరోబికి మూడు గంటల దూరంలో ఉన్న నకూరు పార్కు ఎంచుకున్నాం. పొద్దున ఆరింటికి జోసెఫ్ అనే గైడు పైకప్పు తెరుచుకునే వ్యాను తెచ్చాడు. బండి నడిపేదీ ఆయనే. డీజిల్‌తో కలిపి రోజుకు మన డబ్బుల్లో పద్దెనిమిది వేల దాకా పడింది. అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, ఘాటు రోడ్డు మీద మూలుగుతూ ఎక్కే లారీలను చూపించి, చేతులతో గేర్లు మారుస్తూ జోసెఫ్‌తో ముచ్చట పెట్టాడు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ పగలబడి నవ్వుకున్నారు. దారిలో ఒక కూరగాయల దుకాణం ముందు బండి ఆపించి ఏదో కొనుక్కొచ్చాడు. పండ్లేమో అనుకున్నాను.

పార్కు గేటు దగ్గర ప్రవేశ రుసుము నగదుగా తీసుకోలేదు, కార్డుతో కట్టాం. జోసెఫ్ పైకప్పు ఎత్తుతుంటే మా ఆయన సంచి విప్పాడు. నాలుగు నిమ్మకాయలు, ఒక కొబ్బరికాయ! మా లారీలు కొత్త దారి పట్టాయంటే టైర్ల కింద నిమ్మకాయలు నలగాల్సిందే. కానీ ఇక్కడా? "ఏందయ్యా గిది? అందరు జూస్తున్రు" అన్నాను. "అడవిలకు పోతున్నం, బండి ఆగిపోతే సింహం ఊకుంటదానే?" అన్నాడు. ఏమిటది అని జోసెఫ్ నన్ను అడిగాడు. వివరించడానికి సిగ్గేసి, "చిన్న ప్రార్థన, రెండు నిమిషాలు, ఏం కాదు" అని ఇంగ్లిష్‌లో చెప్పేశాను. నా మాట నమ్మి ఆయన సరేనన్నాడు.

టైర్ల కింద నిమ్మకాయలు నలిగి, బండి ముందు కొబ్బరికాయ పగిలిందో లేదో, గేటు పక్క చెట్ల మీది నుంచి బబూన్లు దూకాయి. కుక్కంత పెద్ద కోతులవి. ఒకటి కొబ్బరి చిప్ప లాక్కుని పక్క వ్యాను మీదికెక్కింది, అందులోని పిల్లలు కెవ్వుమన్నారు. గార్డు పరుగెత్తుకొచ్చి జోసెఫ్ మీద ఇంగ్లిష్‌లో విరుచుకుపడ్డాడు. జంతువులకు తిండి పెట్టనిచ్చాడని, ఆయన గైడు కార్డు తీసేసుకున్నాడు. ఇక కొన్ని వారాలు పార్కులోకి రావద్దన్నాడు. జోసెఫ్ నా వైపు చూశాడు. నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యీ, బండిలోనే కూర్చుని ఫోను తీసి ఫొటోలు చూసుకుంటున్నట్టు నటించాను. ఛీ, రాస్తుంటేనే ఒళ్లు కుంచించుకుపోతోంది.

"ఏమంటుండే ఆయన?" అని యాదయ్య అడిగాడు. "ఏం లేదు, నువ్వు ఎక్కి కూసో" అన్నాను. ఆయన ఎక్కలేదు. "ఏం లేదంటవేందే! కార్డు జేబుల ఏసుకుండు గదా. గది డ్రైవర్ల బతుకు" అంటూ ఎదురెళ్లి గార్డు ముందు నిలబడ్డాడు. కొబ్బరి చిప్ప చూపించాడు, గుండె మీద తట్టుకున్నాడు. "సార్, డ్రైవర్ నో. మై. కోకోనట్ మై" అంటూ చేతులు జోడించాడు. తర్వాత వంగి, నేల మీది ముక్కలు, నలిగిన నిమ్మకాయలు ఒక్కటీ వదలకుండా ఏరి సంచిలో వేసుకున్నాడు. గార్డు అదంతా చూసి, తల పంకించి, జోసెఫ్‌ను మందలించి కార్డు తిరిగిచ్చాడు. అప్పుడు, అంతా అయిపోయాక దిగాను నేను. చక్కటి ఇంగ్లిష్‌లో సారీ చెప్పాను.

లోపల ఖడ్గమృగాలు చూశాం. మధ్యాహ్నం చెట్టెక్కి కొమ్మ మీద కాళ్లు వేలాడేసి పడుకున్న ఆడసింహం కనబడింది, అక్కడి సింహాలు చెట్లెక్కుతాయట. యాదయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పార్కులో గట్టిగా మాట్లాడకూడదని ఎవరో చెప్పారట, అంత పెద్ద గొంతు మనిషి గుసగుసగా "అగో, సూడే" అన్నాడు. సింహం వైపే తిరిగాను గానీ నా ధ్యాసంతా జోసెఫ్ మీదే ఉంది.

సాయంత్రం హోటల్ దగ్గర దిగాక, యాదయ్య సంచులు తీస్తుండగా జోసెఫ్‌ను క్షమించమని అడిగాను. ఆయన కోపంగా లేడు. "మీకు ఇంగ్లిష్ బాగా వచ్చు కదా మేడం. మీరు మాట్లాడతారని చూశాను" అన్నాడు. అంతే. మా ఆయనతో మాత్రం చేతులు కలిపి, గేరు మార్చినట్టు సైగ చేసి నవ్వి వెళ్లిపోయాడు. ఇరవై ఐదేళ్లుగా నలుగురిలో ఆయన నోరు మూయించడమే నా పని అనుకున్నాను. ఆ రోజు ఆయన నా మాట విని కూర్చుని ఉంటే జోసెఫ్ గతేమిటి? ఇంటికొచ్చాక స్కూల్లో పిల్లలను నిలబెట్టి ఇంగ్లిష్ మాట్లాడించే పీరియడ్ వచ్చినప్పుడల్లా నా తల వంగిపోతోంది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. కొబ్బరికాయ మీ ఇంటి ముందే కొట్టుకుని బయల్దేరండి. అక్కడ మీవల్ల పొరపాటేదైనా జరిగితే గైడు జేబులోంచి కార్డు బయటికి రాకముందే మీరు బండి దిగండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు.